సగం రోడ్డు

స్టాపు లేని చోట బస్సు ఆగింది.

ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. టైరు పేలిన చప్పుడు లేదు, ఇంజను గొంతు మారలేదు. బడి మలుపు దగ్గర, ఎప్పుడో తెల్ల గీతలు గీసి ఆ తర్వాత అందరూ మరిచిపోయిన చోట, ఆ గీతలకు కాస్త ఇవతలే బుద్ధిగా ఆగింది. నిలబడి ప్రయాణం చేస్తున్నవాళ్లు ముందుకు ఊగి, వెనక్కి సర్దుకుని, ఏం కొంప మునిగిందోనని కిటికీల్లోంచి మెడలు చాచారు.

రోడ్డు వారన బడి ఆయా నిలబడి ఉంది. పక్క సందులోని ఇళ్ల నుంచి చిన్నపిల్లల్ని పోగేసుకుని, రోడ్డు దాటించి, అవతలి పక్కనున్న బడికి చేర్చడం ఆమె పొద్దుటి పని. చేతికొకరు చొప్పున ఇద్దరు, భుజానికి వేలాడే సంచి పట్టుకుని ఇంకొకరు. బస్సు ఆగితే దాటలేదు సరికదా, పిల్లల్ని లాక్కుని వెనక్కి జరిగింది.

డ్రైవరు చెయ్యి ఊపాడు, వెళ్లమని. ఆయా కూడా చెయ్యి ఊపింది, నువ్వే వెళ్లమని. అతను మళ్లీ ఊపాడు. ఆమె మళ్లీ ఊపింది. సంచి పట్టుకున్న పిల్ల ఇదేదో ఆట అనుకుని తనూ ఊపింది.

"ఏమైందన్నా? బండి మొరాయించిందా?" వెనక నుంచి కండక్టరమ్మాయి అరిచింది. ఆమెకు నోరు పెద్దది, మనసు దానికంటే కాస్త పెద్దది అని డిపోలో పేరు.

"ఏం లేదమ్మా. వాళ్లు దాటాలి."

"ఎవరు?"

"ఆ పిల్లలు."

"రోజూ దాటుతూనే ఉన్నారుగా! మనం పోయాక దాటుతారు. వాళ్లేమన్నా నిన్ను బతిమాలారా?"

ముందు సీట్లో కూర్చున్న గుమస్తా, రోజూ ఇదే బస్సులో ఆఫీసుకు వెళ్లే మనిషి, గడియారం చూసుకుని, "వాళ్లతో నీకేం చుట్టరికం ఉందో గానీ, మా ఆఫీసరుతో నాకు లేదయ్యా" అన్నాడు. బస్సంతా నవ్వింది. వెనక లారీ హారను మోత మొదలైంది. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువన్నట్టు, ఆయా ఇంకో అడుగు వెనక్కే వేసింది. ఇక చేసేది లేక డ్రైవరు గేరు వేశాడు. కొంత దూరం పోయాక పక్క అద్దంలో చూస్తే, ఆమె పిల్లల్ని ఈడ్చుకుంటూ, తల అటూ ఇటూ తిప్పుతూ, అడ్డమొచ్చిన స్కూటరువాణ్ణి తిడుతూ పరుగున దాటుతోంది. అలవాటైన పద్ధతి. ఆమెకు అందులోనే నిశ్చింత ఉన్నట్టుంది.

డ్రైవరుకు ఇలాంటి బుద్ధి పుట్టడానికి కారణం విదేశం. కొత్త బస్సులు అమ్మిన కంపెనీవాళ్లు, ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదమూ చేయని డ్రైవర్లను ఏరి, ఆ బస్సుల సంగతులు నేర్పడానికి తమ దేశం తీసుకెళ్లారు. ఈ డిపో నుంచి ఇతనొక్కడే వెళ్లాడు. మిగతావాళ్ల పేరు మీద తలా ఒక గీతో సొట్టో ఉంది. ఇతని మీద ఏదీ లేకపోవడంలో మంత్రమేమీ లేదు. బండెక్కే ముందు రెండు పక్కల అద్దాలూ పాత పేపరు ముక్కతో మొహం కనబడేలా తుడుస్తాడు. నడిపినంతసేపూ ఊపిరి పీల్చినంత అలవాటుగా అద్దం చూస్తాడు. "డ్రైవరుకు ముందుచూపు అందరికీ ఉంటుందిరా, వెనకచూపు ఉన్నవాడే ఇంటికి చేరతాడు" అని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాడు.

సెంటు సీసాలో, చాక్లెట్లో తెస్తాడని ఎదురుచూసినవాళ్లకు అతను తెచ్చింది బుద్ధులు. డిపో క్యాంటీన్లో టీ తాగాక గ్లాసు తనే తీసుకెళ్లి తొట్టిలో పెట్టడం మొదలుపెట్టాడు. టీ ఇచ్చేవాడికి థాంక్స్ చెప్పాడు. అతను అనుమానంగా చూసి, "ఏం సార్, ఇవాళ టీ బాలేదా?" అన్నాడు. ఇంట్లో తిన్న కంచం తనే కడుగుతుంటే భార్య పరుగెత్తుకొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

"చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టుంది మన దొరగారి సంగతి" అన్నాడు క్యాంటీన్లో మీసాలాయన. డిపోలో అందరికంటే పాత డ్రైవరు, ఇదే దారిలో ఎదురు బస్సు నడుపుతాడు. దొరగారు అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. "ఇవాళ రోడ్డు మీద చెయ్యి ఊపే ఆట ఆడారట కదా తమరు?"

"ఆట కాదన్నా." డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. ఈ మాట ఇంతకుముందు చెప్పలేదు, చెబితే నవ్వుతారని. "అక్కడ ఓ రోజు సాయంత్రం ఒక్కణ్ణే బయటికొచ్చా. రోడ్డు దాటుదామని అంచున నిలబడ్డా. బస్సొకటి వస్తోంది. పోనిద్దామని ఆగా. అది నా ముందుకొచ్చి ఆగిపోయింది."

"ఆగితే?"

"ఎవరికోసం ఆగిందా అని వెనక్కి తిరిగి చూశా. వెనక ఎవరూ లేరు. డ్రైవరు నాకేసి తలాడించాడు. నాకోసమే ఆగాడు. అంత బస్సు, అందులో అంతమంది జనం, నేను దాటేదాకా కూర్చున్నారు." గ్లాసును బల్ల మీద ఒక చుట్టు తిప్పాడు. "ఇన్నేళ్లు బస్సు తోలుతున్నా కదన్నా, నాకోసం ఎవడైనా బండి ఆపడం అదే మొదటిసారి. కళ్లల్లో నీళ్లొచ్చాయి. మనం రోజూ అంతమంది ముందు నుంచి దూసుకుపోతాం, వాళ్లు పక్కకి తప్పుకుంటారు. అది తప్పని ఒక్కరోజైనా అనిపించలేదు నాకు."

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోతే తన పరువు పోతుందనుకున్నాడో ఏమో, మీసాలాయన మీసం తుడుచుకుని, "సరేలే, నువ్వాగుతావు. నీ వెనకాల వచ్చేవాడు కూడా విదేశం వెళ్లొచ్చాడా?" అన్నాడు. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి లేచాడు. ఆ మాట మంచి హాస్యమనే అనుకున్నాడు.

మర్నాడు మళ్లీ ఆగాడు. ఆయా మళ్లీ వెనక్కే జరిగింది. ఆ తర్వాత రోజు డ్రైవరు ఇంజను ఆపేసి, చేతులు స్టీరింగు మీద నుంచి తీసి, కిటికీ మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఇక కదిలేది లేదన్న సంగతి ఆయాకు అప్పుడర్థమైంది. పిల్లల్ని పట్టుకుని, వంగి, దొంగతనానికి వచ్చినట్టు పరుగెత్తి దాటింది. డివైడరు ఎక్కాక వెనక్కి తిరిగి, ఇంత పెద్ద బండి నిజంగానే తనకోసం ఆగిందా అన్నట్టు నోరు తెరిచి చూసింది. ఆ చూపు డ్రైవరు ఎరుగును. అది తన చూపే.

ఆ తర్వాత ఒక్కొక్క రోజూ ఆమె నడక మారుతూ వచ్చింది. పరుగు పోయి వడివడి నడకైంది, వడివడి నడక పోయి మామూలు నడకైంది. పిల్లలు దాటుతూ బస్సుకు చేతులూపేవారు. కండక్టరమ్మాయి మొదట్లో సణిగినా, తర్వాత తనే ముందుగా, "బడి మలుపు! గట్టిగా పట్టుకోండి! మా అన్నకు మర్యాద ఎక్కువ!" అని కేకేసేది. గుమస్తా కూడా రోజూ ఒక బస్సు ముందు బయల్దేరడం మొదలుపెట్టాడట, కానీ ఆ ముందు బస్సు మీసాలాయన తమ్ముడిదనీ, అందులో ఎక్కితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలనీ తెలిసి, మళ్లీ ఇందులోకే వచ్చాడు.

డ్రైవరుకు ఆ మలుపంటే పొద్దున లేచినప్పటి నుంచీ ఒక సంబరం. ఎక్కడో నేర్చుకున్న మంచిని ఇక్కడ నాటాను, అది మొలకెత్తింది అనుకున్నాడు. ఆయా మొహంలో బెరుకు ఎలా తగ్గుతుందో రోజూ గమనించాడు. ఆమె రోడ్డుకేసి కాకుండా తనకేసి చూస్తూ దాటడం గమనించాడు. అందుకు గర్వపడ్డాడు.

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. బస్సు ఆగింది. సంచి పట్టుకునే పిల్లకు బూటు లేసు ఊడి కాలికి తగులుతోంది. ఆయా వంగి దాన్ని బూటులోకి తోసి, లేచి, బస్సు ముందు నుంచి నడుస్తూ డ్రైవరుకేసి చూసి నవ్వింది. ముందు పన్ను ఒకటి లేదు ఆమెకు. అది అతను చూడడం అదే మొదటిసారి. అతనూ నవ్వాడు. ఇద్దరూ నవ్వుకుంటూ ఉండగానే అతని సీటు వైపు నుంచి మోటారు సైకిలు దూసుకొచ్చింది.

అది నడుపుతున్నవాడికి బస్సు ఎందుకు ఆగిందో ఏం తెలుసు? ఆగిన బస్సును పక్క నుంచి దాటిపోవడం ఈ ఊళ్లో ఎవరికీ నేర్పక్కర్లేని విద్య. బస్సు మూతి దాటి అడుగు బయటపెట్టిన ఆయా చివరి క్షణంలో పిల్లల్ని వెనక్కి నెట్టేసింది. పిల్లలు బంపరుకు కొట్టుకుని పడ్డారు. వాళ్లకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. మోటారు సైకిలు ఆమె కాలిని కొట్టి, అడ్డంగా పడి, డివైడరు దాకా జారింది. ఆ కుర్రాడు మోచేతులు దోక్కుపోయి రోడ్డు మీదే కూర్చుని, "బస్సాగితే జనం దిగుతున్నారనుకున్నా, జనం దిగుతున్నారనుకున్నా" అని ఏడుస్తున్నాడు.

డ్రైవరు దూకి ఆమెను ఎత్తాడు. కండక్టరమ్మాయి పిల్లల్ని పోగేసింది. బస్సు తన దారి వదిలి నేరుగా ఆసుపత్రికి పోయింది. ఒక్క ప్రయాణికుడూ ఏమనలేదు. గుమస్తా తన ఆఫీసు సంచి ఆయా కాలి కింద పెట్టి, కుదుపు తగలకుండా దారి పొడవునా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"నీ తప్పేం లేదు" అన్నాడు డిపో మేనేజరు. "గీతల దగ్గర ఆగావు. గుద్దింది ఎవడో. పోలీసులూ అదే అన్నారు. నీ రికార్డు మీద మచ్చ కూడా పడదు. కానీ ఏమయ్యా, ఇకమీదట ఈ మర్యాదలు కట్టిపెట్టు. మన రోడ్డు వాళ్ల రోడ్డు కాదు."

క్యాంటీన్లో ఎవరూ దొరగారు అనలేదు. మీసాలాయన తన టీ గ్లాసు అతని ముందుకు జరిపి, తనకు ఇంకొకటి చెప్పుకున్నాడు. అందరూ మోటారు సైకిలువాణ్ణి తిట్టారు. డ్రైవరు వింటూ కూర్చున్నాడు. వాళ్లెవరికీ తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. ముందున్న టీ చల్లారిపోయింది.

ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"తినండి. మీరేం చేశారు పాపం? మంచికి పోతే చెడు ఎదురైంది" అంది భార్య.

"నేను అద్దం చూడలేదే."

ఆమెకు అర్థం కాలేదు.

"బండి ఆపితే చాలా? వెనకెవడొస్తున్నాడో చూడాలి కదా. చూస్తే హారన్ కొట్టేవాణ్ణి, చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. నేను ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నా. నా మంచితనం ఆవిడ మొహంలో ఎంత బాగా కనబడుతోందో చూసుకుంటున్నా." కంచం పక్కకు జరిపాడు. "ఇన్నేళ్లలో అద్దం చూడకపోవడం ఇదే మొదలు."

భార్య అతని కంచం తన ముందుకు లాక్కుని, మెతుకుల్ని ఒక పక్కకు నెడుతూ కూర్చుంది.

"ఒక మాట అడుగుతా, కోప్పడకండి. అక్కడ మీకోసం ఓ బస్సు ఆగిందన్నారు కదా. దాని పక్క నుంచి వచ్చే బళ్లో?"

"ఏ బళ్లు?"

"అదే, పక్కనా వెనకా బళ్లుండవూ? అవేం చేశాయి?"

డ్రైవరు గుర్తుచేసుకోబోయాడు. ఎంత తవ్వుకున్నా బస్సు గుర్తొస్తోంది, బస్సు డ్రైవరు తలాడించడం గుర్తొస్తోంది, తడి రోడ్డు మీద దీపాల వెలుతురు కూడా గుర్తొస్తోంది. పక్క బళ్లు మాత్రం గుర్తు రావడం లేదు.

"చూళ్లేదు" అన్నాడు.

"ఆగే ఉంటాయిలెండి. లేకపోతే మీరిక్కడ నా ఎదురుగా కూర్చుని ఉండరు" అని ఆమె లేచి కంచం తీసుకెళ్లింది. ఆ పూట అతను దాన్ని కడుగుతానని వెంటపడలేదు. క్యాంటీన్లో నోరు విప్పిన నాటి నుంచి, ఒక్క బస్సు ఆగిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. అక్కడ ఆగింది రోడ్డంతా. తనకేసి తలాడించినవాణ్ణే చూశాడు గానీ, పేరూ మొహమూ లేకుండా పక్కన ఆగిపోయినవాళ్లను చూడలేదు.

ఆసుపత్రిలో ఆయా మంచం కిటికీ పక్కనే పడింది. కాలికి మోకాలి దాకా పిండికట్టు. చేతిలో బడి పిల్లలు పంపిన రంగుల కాగితం పువ్వులున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉంది. డ్రైవరును చూసి కాస్త లేవబోయింది.

"లేవకండమ్మా."

"కూర్చో నాయనా. ఆ బూటు లేసు పిల్ల ఎలా ఉంది? మోకాలు గీరుకుందన్నారు."

"బాగానే ఉంది. ఇవాళ బడికి కూడా వచ్చింది."

"ఎవరు దాటించారు?"

"కొత్తగా ఒకావిడ వచ్చింది."

"పరుగెత్తిస్తోందా?"

"పరుగెత్తిస్తోంది."

"అదే మంచిది" అంది ఆయా. కిటికీ బయటకు చూస్తూ, ఎవరి మీదా నేరం మోపని గొంతుతో, "నా బుర్రే పాడైంది నాయనా. ఆ రోడ్డు ఎన్నేళ్లుగా దాటుతున్నానో నాకే లెక్క లేదు, ఒక్క గీత పడలేదు. ఎవణ్ణీ నమ్మేదాన్ని కాదు, అందుకని. నువ్వు ఆగడం మొదలుపెట్టాక అటూ ఇటూ చూడడం మానేశా. నువ్వున్నావు కదా అనుకున్నా" అంది.

మేనేజరు మాట, పోలీసుల మాట, శుభ్రంగా ఉన్న రికార్డు, అన్నీ ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి. డ్రైవరు తలెత్తలేకపోయాడు.

"నేనూ చూడలేదమ్మా. అద్దం. మీకేసి చూస్తూ ఉండిపోయా."

ఆయా అతనికేసి తిరిగింది. కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె ఆ పన్ను లేని నోటితో చిన్నగా నవ్వింది.

"సరిపోయింది. పెళ్లిచూపుల్లో లాగా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉన్నామన్నమాట. వాడొచ్చి గుద్దక ఏం చేస్తాడు?"

అతనికి నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకున్నాడు. వెళ్లడానికి లేస్తుంటే ఆమె అడిగింది.

"మళ్లీ ఆగుతావా?"

"తెలీదమ్మా. ఆగొద్దన్నారు."

"వాళ్ల మాట అలా ఉంచు. ఆగితే సరిగ్గా ఆగు. లేదంటే ఆగకు. సగం సగం ఆగి మమ్మల్ని చంపకు" అని, చేతిలోని కాగితం పువ్వుల్లో ఒకటి తీసి అతనికిచ్చింది, ఇక వెళ్లమన్నట్టు.

ఆ తర్వాత డ్రైవరు ఆ మలుపులో ఆగలేదు. కొత్త ఆయా పిల్లల్ని ఈడ్చుకుని అంచున నిలబడి ఉండేది. ఇతను దూరం నుంచే హారన్ కొట్టి, వేగం తగ్గించి, దాటిపోయేవాడు. కండక్టరమ్మాయి కేకలు మానేసింది. బస్సు వేళకు చేరుతోందని మేనేజరు మెచ్చుకున్నాడు. అద్దాలు తుడవడం మాత్రం ఇదివరకటికంటే ఎక్కువైంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తుంటే, "అరిగిపోతుందిరా" అనేవాడు మీసాలాయన.

పిండికట్టు విప్పాక ఒక పొద్దున పాత ఆయా మలుపులో కనబడింది. చంకలో కర్ర ఉంది. ఒక చేతికే పిల్లవాడు, మిగతావాళ్లు ఆమె సంచికి వేలాడుతున్నారు. కర్రతో పరుగెత్తడం కుదరదు. బళ్లు పోతున్నాయి. ఆమె అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసి, మళ్లీ వేసి నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో ఏమో, పిల్లలు విసుగెత్తి బూట్లతో మట్టి గీరుతున్నారు.

"అన్నా, వద్దు" అంది కండక్టరమ్మాయి, అతను ఆపబోతున్నాడని వీపు చూసే పోల్చుకుని.

అతను ఆమెకేసి చూడలేదు, ఆయాకేసీ చూడలేదు. అద్దం చూశాడు. వెనక ఒక వ్యాను, దాని పక్కన రెండు మోటారు సైకిళ్లు ఉన్నాయి. వాటికి అర్థమయ్యేలా చాలా ముందు నుంచే లైటు వేసి వేగం తగ్గించుకుంటూ వచ్చాడు. గీతల దగ్గరికి రాగానే స్టీరింగు నిండుగా తిప్పాడు. బస్సు మూతి మెల్లగా డివైడరు వైపు తిరిగి, తమ పక్కనున్న సగం రోడ్డునంతా ఏటవాలుగా మూసేసి ఆగింది.

ఇంత మోత ఆ రోడ్డు ఎన్నడూ విని ఉండదు. హారన్లు, తిట్లు, "తాగి తోలుతున్నావా" అన్న పలకరింపులు. డ్రైవరు అద్దంలోంచి కళ్లు తీయలేదు. బస్సు మూతికీ డివైడరుకూ మధ్య మనిషి పట్టేంత సందు మిగిలింది, అందులోంచి దూరాలని ఒక మోటారు సైకిలు ముక్కు పెడుతోంది. అతను నోరు తెరిచేలోపే కండక్టరమ్మాయి తలుపు తోసుకుని దిగి, టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని, ఆ సందులో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఎక్కడికి నాయనా? సందు కనబడితే దూరడమేనా? కాసేపు ఊపిరి పీల్చుకో, ఊరేం పారిపోదు!"

బస్సులో గుమస్తా గడియారం చూసుకున్నాడు. చూసుకుని చొక్కా చేతిని దాని మీదికి లాక్కున్నాడు.

ఆయా కదిలింది. డ్రైవరుకేసి చూడలేదు. ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి చూసింది. పిల్లల్ని దగ్గరికి పోగేసుకుంది. బస్సు ముందు నుంచి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, సరిగ్గా మూతి చివర మళ్లీ ఆగింది. అక్కడ మెడ చాచి, కండక్టరమ్మాయి భుజం మీదుగా, వెనకున్న ఒక్కొక్క బండినీ చూసింది. అన్నీ నిలబడి ఉన్నాయో లేదో పరీక్షగా చూసింది. తొందరేమీ పడలేదు. వెనక మోత పెరిగింది. డ్రైవరు వెళ్లమని చెయ్యి ఊపలేదు, స్టీరింగు మీద నుంచి వేలు కూడా ఎత్తలేదు.

ఆమె నమ్మకం కుదిరాక దాటి డివైడరు ఎక్కింది.

అవతలి సగం రోడ్డు ఎప్పటిలాగే ఉరకలేస్తోంది. అక్కడెవరూ ఆగలేదు. దానికి ఇతను చేయగలిగింది కూడా ఏమీ లేదు. బస్సును తిన్నగా చేసుకుని, కండక్టరమ్మాయి ఎక్కాక బయల్దేరాడు. పక్క నుంచి దాటిపోతూ మోటారు సైకిలువాడు అతని వంశాన్ని గుర్తుచేసిపోయాడు.

కండక్టరమ్మాయి ముందుకొచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఇంత చేస్తే ఆవిడ నీకేసి ఒక్కసారి కూడా చూడలేదేంటన్నా? ఇంకా కోపం పోలేదేమో!" అంది.

"చూడలేదు" అన్నాడు డ్రైవరు. అతని గొంతులో చాలా రోజుల తర్వాత హాయి వినబడింది. "చూడకపోవడమే మంచిదమ్మా."

పక్క అద్దంలో ఆయా చిన్నదవుతూ కనబడుతోంది. డివైడరు మీద పిల్లల మధ్య నిలబడి, కర్ర గట్టిగా ఆనించుకుని, ఇటు చూసింది, అటు చూసింది, మళ్లీ ఇటు చూసింది.